బల్ల దగ్గర మర్యాద

పెరంబూరు, చెన్నై
జూన్ మొదటి వారం

షఫీక్ మామకు,

అస్సలాము అలైకుం. గొంతు ఆపరేషన్ తర్వాత చాలా రోజులు నోరు విప్పొద్దని డాక్టరు నీకు గట్టిగా చెప్పాడట, అమ్మ చెప్పింది. ఫోన్‌లో నేనొక్కదాన్నే మాట్లాడుతుంటే అవతల నువ్వు వేలితో టక్‌టక్‌మని తట్టడం నాకు బాగాలేదు. మెసేజ్ పెడితే 'సరే' అని తప్ప ఇంకో మాట రాయవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నీ చేతిరాత ఎలాగూ బాగుంటుంది, తీరిగ్గా జవాబు రాయి.

ఇక్కడ పూల్ బిలియర్డ్స్ లీగ్ మొదలైంది. పొద్దున మా క్లబ్బులో కొత్తవాళ్ళకు ఆట నేర్పుతున్నాను, సాయంత్రం జట్టు తరఫున ఆడుతున్నాను. కానీ మామా, ఇది నువ్వు సూళ్లూరుపేటలో నాకు నేర్పిన ఆటేనా అని అనుమానంగా ఉంది. మనం బల్ల దగ్గరికి నడిచొచ్చేటప్పుడు పాట వేస్తారు. రంగు లైట్లు తిరుగుతాయి. జనం ఈలలు వేస్తారు. అదంతా పోనీ అనుకోవచ్చు. మొదటి మ్యాచ్‌లోనే ఉషారాణి అని ఒకమ్మాయి ఎదురుపడింది. మన అల్లూరు పిల్లే, వేరే జట్టు. నేను వంగి గురి చూస్తుంటే తన కుర్చీలోంచే అంటుంది: "ఏమక్కా, చెయ్యి వణకతా ఉండాదే."

నిజంగా వణికింది. అంతవరకు వణకలేదు. ఆ మాట విన్నాకే వణికింది. ఓడిపోయాను.

మా జట్టు మేనేజరు విజయభాస్కర్ గారితో చెప్పాను. ఆయన నవ్వాడు. "చూడమ్మా, ఇది గ్రంథాలయం కాదు. జనం వచ్చేదే గోల కోసం. నువ్వు కూడా రెండు మాటలు విసరడం నేర్చుకో" అన్నాడు. ఎదుటివాళ్ళు గురి చూసేటప్పుడు బంతి పడే పాకెట్ వెనక నిలబడమని, క్యూ కర్ర మరలు విప్పుతూ చప్పుడు చేయమని సలహాలు కూడా ఇచ్చాడు. ఇవి రూల్స్‌లో తప్పు కాదట.

నేనేం చేయాలో చెప్పు.

నీ మేనకోడలు
తబస్సుమ్


సూళ్లూరుపేట
జూన్ నడుమ

చిరంజీవి తబ్బూకు,

వ అలైకుం సలాం. గొంతు నయమవుతోంది. మాట్లాడకపోవడం కష్టమేమీ కాదు, మాట్లాడాల్సిన చోట ఊరుకోవడమే కష్టం. మొన్న కాలనీ కుర్రవాళ్ళు ఇక్కడ మన క్లబ్బులోకి స్పీకరు తెచ్చి పెట్టారు. నోటితో చెప్పలేను కదా, వెళ్ళి ప్లగ్గు పీకేశాను. అర్థమైంది వాళ్ళకు.

నీ ప్రశ్నకు జవాబు. జనం అరిస్తే అది వాన లాంటిది, తడుస్తూ ఆడటం నేర్చుకో. కానీ కుర్చీలో కూర్చున్న ఆటగాడు నోరెత్తాడంటే అది ఆట కాదు. అవతలివాడు బల్ల దగ్గర ఉన్నంతసేపు బల్ల అతనిది. మనం కూర్చోవాలి. కదలకూడదు. అతను మంచి దెబ్బ కొడితే క్యూ మడమను నేల మీద తట్టాలి, అదే మన చప్పట్లు. మన చేతి నుంచి తప్పు జరిగితే ఎవరూ చూడకపోయినా మనమే చెప్పాలి. ఇంతకంటే నాకు తెలిసింది లేదు.

నా స్నేహితుడు హరినాథ్‌ను చూసి నేర్చుకో. అల్లూరు నుంచి వారానికోసారి వస్తాడే, రొయ్యల చెరువుల ఆయన. ఈసారి చెరువులో తెల్లమచ్చ తెగులు తగిలి మనసంతా అక్కడే ఉంది. అయినా మొన్న ఆడుతూ ఉండగా చొక్కా అంచు బంతికి తగిలితే, నేను కిటికీ వైపు చూస్తున్నాను సుమా, తనే పక్కకు జరిగి, "పోయింది షఫీకూ, నువ్వాడు" అన్నాడు. అది మనిషి తీరు.

నిర్వాహకులకు ఫిర్యాదు రాసివ్వు. విజయభాస్కర్ గారి సలహాలు ఆయన దగ్గరే ఉండనీ. ఆ అల్లూరు పిల్ల సంగతి వదిలెయ్యి, ఆమెతో నీకు మాటలు వద్దు.

మామ
షఫీక్


పెరంబూరు
జులై

మామకు,

ఫిర్యాదు ఇచ్చాను. మర్యాదగా తీసుకున్నారు, మర్యాదగా పక్కన పెట్టారు. "మాటలు విసరకూడదని రూల్స్‌లో లేదమ్మా, రిఫరీకి అతి అనిపిస్తే హెచ్చరిస్తాడు" అన్నారు.

సరే, వానలోనే ఆడదామనుకున్నాను. మా క్లబ్బులో పొద్దున స్పీకరు పెద్దగా పెట్టి, కొత్తవాళ్ళను నా చుట్టూ నిలబెట్టి అరవమని ప్రాక్టీసు చేశాను. వాళ్ళకు మహా సరదాగా ఉంది. ఒక్కో దెబ్బకు ముప్పై సెకన్ల గడియారం కూడా పెట్టారు కదా, మొదట్లో అది నా వీపు మీద కూర్చున్నట్టుండేది. ఇప్పుడు దానికీ అలవాటు పడ్డాను. వరసగా గెలుస్తున్నాను మామా. చప్పుడు ఇప్పుడు నా ఒంటిని తాకదు.

ఇంకో మాట. చూడటానికి వచ్చేవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళే. కాలేజీ పిల్లలు, ఆఫీసుల నుంచి నేరుగా వచ్చేవాళ్ళు, సందు చివర ఇడ్లీలు అమ్మే ఆమె. వాళ్ళకు ఆట సరిగా తెలియదు, అయినా బంతి పడితే సొంత బిడ్డ గెలిచినట్టు లేచి అరుస్తారు. ఆ గోల మొదట్లో తలనొప్పి. ఇప్పుడు అది లేకపోతే ఏదో తక్కువైనట్టుంది. నీకు కోపం వస్తుందని తెలుసు.

ఆదివారం సెమీఫైనల్. ఎవరూ రావక్కర్లేదు, ఫోన్‌లో చూపిస్తారు.

తబస్సుమ్


సూళ్లూరుపేట
జులై ఆఖరు

తబస్సుమ్‌కు,

వీడియో చూశాను. హరినాథ్ తన ఫోన్‌లో చూపించాడు. నువ్వు గెలిచావు. ఓడిన అమ్మాయి కుర్చీలో తల వంచుకుని కూర్చుంది. నువ్వు ఆమె వైపు క్యూ చాచి, నోరంతా తెరిచి అరిచావు.

హరినాథ్ ఫోన్ జేబులో పెట్టుకుని టీ చెప్పాడు. అంతకంటే తిడితే బాగుండేది.

ఆ చేతికి ఆట నేర్పింది నేనని ఎవరికీ చెప్పకు.

షఫీక్


పెరంబూరు
ఆగస్టు మొదట్లో

మామా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఇప్పుడు రాస్తున్నాను, మొత్తం చదువు.

నేను క్యూ చాచింది ఆ అమ్మాయి వైపు కాదు. ఆమె కుర్చీ వెనక మూడో వరసలో అమ్మ ఉంది. అవును, మీ లాల్‌బీ అక్కే. నాయనకు కంటి ఆసుపత్రికని చెప్పి సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కి, నాకు కూడా చెప్పకుండా వచ్చేసింది. నేను గెలుస్తుంటే "కొట్టవే తబ్బూ" అని ఒక గొంతు వినిపించింది. ఆ గొంతు నాకు తెలియకపోతే ఎలా? అయినా నమ్మలేదు. ఆఖరి బంతి పడ్డాక తలెత్తి చూస్తే అమ్మ కుర్చీ ఎక్కి నిలబడి ఉంది. నేను అరిచింది 'అమ్మా' అని. వీడియోలో పాట గోలలో నీకు వినబడలేదు.

చూసేవాళ్ళకు ఎలా కనబడిందో తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి అమ్మను చూపించాను. ఆమె నవ్వి అమ్మతో ఫొటో దిగింది. ఆ సంగతి అక్కడితో సరిపోయింది.

కానీ నాకు సరిపోలేదు. ఆ సాయంత్రం అమ్మను అడిగాను: "ఇంటికి నాలుగు అడుగుల్లో మన క్లబ్బు ఉంది కదా, ఒక్కనాడైనా వచ్చి నా ఆట చూడలేదేం?"

అమ్మ తట్టలో చేపముక్క ముళ్ళు తీస్తూ అంది: "మీ మామ రమ్మన్నాడా? ఆడోళ్ళు కూర్చుంటే ఆటకు మర్యాదుండదంట. నువ్వు పోయేదే ఎవురూ లేనప్పుడు."

ఇంకొకటి కూడా విను. ఫైనల్లో నాకు ఎదురు ఉషారాణి. మొన్న ప్రాక్టీసుకు మా క్లబ్బుకు వచ్చింది. నువ్వు మాటలు వద్దన్నావు, నేను మాట్లాడాను. ఆమె హరినాథ్ గారి కూతురు. చదువుకునే రోజుల్లో వాళ్ళ నాన్నతో కలిసి మన క్లబ్బుకు వచ్చిందట. నువ్వు తలుపు దగ్గరే ఆపి, "ఇక్కడ కుదరదమ్మా" అన్నావట. తర్వాత నెల్లూరులో, పాటలు మోగుతూ ఉండే ఒక గేమ్స్ సెంటర్లో ఆట నేర్చుకుంది. "అక్కడ నోరుంటేనే టేబుల్ దొరికేదక్కా. మెత్తంగా ఉంటే మొగపిల్లకాయలు మనల్ని పక్కకు నెట్టుకోని పోతారు. నా నోరు అక్కడ నేర్చిందే" అంది.

నన్ను వణికించిన మాట ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది మామా.

నేను నీ అక్క కూతుర్ని కాబట్టి, తెల్లవారగానే సగం ఎత్తిన షట్టర్ కింద వంగి లోపలికొచ్చి నేర్చుకున్నాను. ఆమెకు ఆ సగం షట్టర్ కూడా లేదు. నిశ్శబ్దం మర్యాదే. నువ్వు నేర్పిన ప్రతి మాటా నాకు కావాలి. కానీ మనుషుల్ని బయట ఉంచితే వచ్చే నిశ్శబ్దాన్ని మర్యాద అనకు.

ఫైనల్ ఆగస్టు పదిహేను దాటాక. కోపం ఉంటే ఉత్తరంలో చూపించు, ఊరుకోవద్దు.

తబస్సుమ్


సూళ్లూరుపేట
ఆగస్టు

తబ్బూకు,

నీ ఉత్తరం క్లబ్బులో కూర్చుని చదివాను. తర్వాత బస్సెక్కి అల్లూరు పోయాను.

హరినాథ్ చెరువు గట్టు మీద ఉన్నాడు. నేను కాగితం మీద రాసి చూపించాను: 'నీ కూతురు ఫైనల్ ఆడుతోందని నాకెందుకు చెప్పలేదు?' ఆయన కాగితం చదివి మడిచి, చెరువు వైపు చూస్తూ అన్నాడు: "నీ క్లబ్బులో నా కూతురి పేరెత్తాలంటే నాకే మొహమాటం షఫీకూ. ఇన్నేళ్ళు నువ్వూ ఎత్తలేదు గదా."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆ పిల్లను ఆపిన రోజుల్లో క్లబ్బుకు తాగివచ్చేవాళ్ళుండేవారు. ఒక్కణ్ణి ఎంతమందిని చూసుకోగలను అనుకున్నాను. ఆ లెక్క తప్పని ఇప్పటికీ అనను. తాగివచ్చేవాళ్ళను మాన్పించాక కూడా తలుపు అలాగే ఉంచాను. అది నా తప్పే.

ఫైనల్‌కు మేమిద్దరం రావడం లేదు. క్లబ్బు గోడకు టీవీ పెట్టించాను. షట్టరు పూర్తిగా ఎత్తి, వచ్చేవాళ్ళెవరైనా రావచ్చని బజార్లో చెప్పించాను. హరినాథ్ ఒక కుర్చీలో, నేను ఒక కుర్చీలో. ఆయన కూతురికి ఆయన, నా కోడలికి నేను.

అక్క మాత్రం నీ దగ్గరికే వస్తానంటోంది. ఈసారి కంటి ఆసుపత్రి పేరు చెప్పొద్దని అక్కకు చెప్పి, సంగతి బావకు నేనే కాగితం మీద రాసిచ్చాను. ఆయన చదివి, "చెప్పి పోతే నేనేమన్నా వద్దన్నానా" అన్నాడు. నీకు రాసిన ఆ పొట్టి ఉత్తరం చించెయ్యి.

మామ
షఫీక్


పెరంబూరు
ఆగస్టు చివర

మామకు,

మ్యాచ్ నువ్వు చూశావు. కెమెరాకు అందనిది నేను చెప్తాను.

చెరి ఎనిమిది గేములు గెలిచాం. ఆఖరిది ఎవరిదైతే కప్పు వాళ్ళది. బల్ల మీద ఆరు నుంచి తొమ్మిది దాకా నాలుగే బంతులు మిగిలాయి, వరసగా వేస్తే ఆట అయిపోతుంది, అన్నీ తేలికైనవే. నేను ఆరో బంతికి వంగి, క్యూను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ గురి చూస్తున్నాను. మొన తెల్లబంతికి తగిలింది. కొట్టలేదు, ఊరికే తగిలింది. బంతి కదిలిందని కంటికి తెలియదు, నా వేళ్ళకు తెలిసింది.

లేచి నిలబడి "ఫౌల్" అన్నాను.

రిఫరీ అవతలి వైపు ఉన్నాడు. కెమెరా చూసేవాళ్ళను అడిగాడు. వాళ్ళకూ కనబడలేదు. "నాకు కనబడనిది ఈ లీగ్‌లో ఫౌల్ కాదు. ఆడండి" అన్నాడు. గడియారం మళ్ళీ మొదలుపెట్టాడు. విజయభాస్కర్ గారు రెండు చేతులూ ఊపుతున్నాడు, ఆడు ఆడు అని. అమ్మ "కొట్టవే" అంటోంది. జనం మొత్తం ఒకటే గోల.

అప్పుడు నాకు ఆ గడియారం కనబడింది మామా. ముప్పై సెకన్లలో కొట్టకపోతే అది కూడా ఫౌలే. దాన్ని రిఫరీ కాదనలేడు.

క్యూ బల్లకు ఆనించి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.

నేనేదో నాటకం ఆడుతున్నాననుకుని జనం సెకన్లు గట్టిగా లెక్కపెట్టారు. సున్నా అన్నాక బజర్ మోగింది. తెల్లబంతి ఉషారాణి చేతికి వెళ్ళింది, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకుని ఆడుకోవచ్చు. ఆమె బంతి పట్టుకుని నా వంక చూసింది. "ఏందక్కా ఇది" అన్నట్టు పెదవులు కదిలాయి. చాలాసేపు క్యూ మొనకు సుద్ద రుద్దింది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే ఆ హాలు మొత్తం ఊరుకుంది. అలాంటి నిశ్శబ్దం మన క్లబ్బులో కూడా నేను వినలేదు. ఆమె నాలుగు బంతులూ వరసగా వేసింది. తొమ్మిదో బంతి పడగానే నేను క్యూ మడమతో నేల తట్టాను.

చేయి కలపడానికి వెళ్తే ఉషారాణి నా చెవిలో అంది: "నేనైతే చెప్పుండనక్కా. నోరు మూసుకోని ఆడేసుందును."

"తెలుసు" అన్నాను. ఇద్దరం నవ్వాం. అబద్ధం ఆడలేదు కాబట్టి ఆ పిల్ల నాకు ఇంకా నచ్చింది.

అమ్మ మాత్రం గదికి వచ్చాక, "చెప్పిందానివి చెప్పినావు. ఆ రిఫరీ ఆయప్ప ఆడమన్నాక ఆడుంటే ఏం పోయింది?" అని మొదలుపెట్టి, అన్నం తినేదాకా ఆపలేదు. విజయభాస్కర్ గారు వచ్చే ఏడాది నా బదులు ఇంకొకరిని చూసుకుంటానన్నాడు. లీగ్ వాళ్ళు ఆ రూల్ మార్చేది లేదన్నారు. మారుస్తారని నేనూ అనుకోలేదు.

నాకు బెంగ లేదు మామా. వేరే జట్లున్నాయి. నేను బాగా ఆడుతున్నాను, అది అందరూ చూశారు. ఆ ఆరో బంతి వేసి కప్పు తెచ్చుకుని ఉంటే దాన్ని నీ బల్ల మీద పెట్టలేకపోయేదాన్ని. నువ్వు నేర్పిందే చేశాను.

తబస్సుమ్


సూళ్లూరుపేట
సెప్టెంబరు

తబ్బూకు,

లేదు. నేను నేర్పింది అది కాదు.

నేను నేర్పింది నీ తప్పు నువ్వు చెప్పమని. నువ్వు చెప్పావు. రిఫరీ ఆడమన్నాడు. అక్కడితో నా పాఠం అయిపోయింది. ఆ చోట నేనుంటే ఆ బంతి వేసేసేవాణ్ణి, హాయిగా నిద్రపోయేవాణ్ణి. కుర్చీలో కూర్చోవాలని నాకు తట్టేది కూడా కాదు.

నిజం చెప్పాలంటే మొదట కోపం వచ్చింది. పదిమందిలో గొప్ప కోసం చేసిందేమో అనుకున్నాను. అందరూ వెళ్ళాక మళ్ళీ వేయించి చూశాను. జనం లెక్కపెడుతుంటే నువ్వు గడియారం వంక చూడలేదు, జనం వంక చూడలేదు. ఉషారాణి ఎక్కడి నుంచి ఆడితే బాగుంటుందో అని బల్లనే చూస్తున్నావు. అప్పుడు ఆ కోపం పోయింది. నా దగ్గర నేర్చుకున్న పిల్ల నాకు తెలియని చోటికి వెళ్ళిందని తెలిసింది. ఇక ఈ సంగతుల్లో నన్నడగొద్దు, నాకే సందేహం వస్తే నిన్నడుగుతాను.

ఇక్కడి సంగతి. ఆ రోజు క్లబ్బు నిండిపోయింది. బజారు నుంచి వెంకటశేషమ్మ తన పూలబుట్టతో సహా వచ్చి కూర్చుంది. ఉషారాణి గెలవగానే హరినాథ్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు, నా మొహం చూసి మళ్ళీ కూర్చోబోయాడు. నేను చెయ్యి పట్టుకుని లేపి నిలబెట్టాను.

వచ్చే నెల మన క్లబ్బులో ఆడవాళ్ళకు పోటీ పెడుతున్నాం. వాకాడు నుంచి కూడా పేర్లు వచ్చాయి. ఉషారాణి తనే వచ్చి పేరిచ్చింది. వచ్చినప్పుడు తలుపు దగ్గర ఒక క్షణం నిలబడింది. నేను లోపలి నుంచి వెళ్ళి, నా సొంత క్యూ ఆమె చేతికిచ్చి బల్ల చూపించాను. డాక్టరు నాలుగు మాటలు మాట్లాడొచ్చన్నాడు, మొదటి మాట ఆమెతోనే మాట్లాడాను. 'ఆడమ్మా' అన్నాను. గొంతు గరగరమంది.

రూల్స్ గురించి హరినాథ్‌తో వారం కాగితాల మీదే గొడవపడ్డాను. చివరికి ఒప్పందం ఇది: జనం అరవచ్చు, కుర్చీలో ఉన్న ఆటగత్తె అరవకూడదు. ఉషారాణి మొహం చిట్లించింది గానీ ఒప్పుకుంది. రిఫరీకి కనబడని తప్పు ఎవరైనా తామే చెప్తే రిఫరీ ఒప్పుకోవాలి. దీన్లో గొడవ రాలేదు.

నువ్వు రిఫరీగా రావాలి. నీ మాటను ఈ జిల్లాలో ఇక ఎవరూ అనుమానించరు. ఏమంటావు?

మామ
షఫీక్


పెరంబూరు
సెప్టెంబరు

మామకు,

రిఫరీగా రాను. ఆ పనికి హరినాథ్ గారిని కూర్చోబెట్టు. కూతురు ఆడుతున్నా సరే, ఆయన మాట మీద నాకు అనుమానం లేదు.

ఉషారాణి పేరు కింద నా పేరు రాయి. అమ్మకు ముందు వరసలో కుర్చీ వెయ్యి. పోటీకి రెండు రోజులు ముందే వస్తాను, నీ బల్ల ఎటు వాలుతుందో చూసుకోవాలి.

ఉషారాణి అక్కడే ప్రాక్టీసు చేస్తోందా? బాగా చేయమను. ఈసారి నా క్యూ తగలదు.

తబస్సుమ్